బిడ్డ మీద ఆశ ఉండగానే గర్భసంచి తీయించాలా?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న మాటిమాటికీ కనిపిస్తుంది. ఊరు హొసూరు కావచ్చు, బళ్ళారి కావచ్చు, షోలాపూర్ కావచ్చు, బరంపురం కావచ్చు. ప్రశ్న మాత్రం ఒక్కటే. "హకీం సాబ్, నాకు ముప్ఫై రెండేళ్ళు. నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగదు. స్కానింగులో గడ్డ ఉందన్నారు. గర్భసంచి తీసేస్తే పీడ పోతుందని ఆస్పత్రిలో అంటున్నారు, మా అత్తగారూ అదే మాట. నాకింకా పిల్లలు లేరు. ఏం చేయమంటారు?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రాణానికి ముప్పు లేనప్పుడు, బిడ్డ కావాలన్న కోరిక మనసులో ఉన్నప్పుడు, గర్భసంచి తీయించడం మొదటి వైద్యం కాకూడదు. అది చిట్టచివరిది. అలాగని ప్రాణం మీదికి వచ్చినా ఆపరేషను వద్దని హకీం పొట్లాలు పట్టుకుని కూర్చోవడమూ తప్పే. ఈ రెండింటి మధ్య దారి ఎలా వెతుక్కోవాలో ఈ వారం మాట్లాడుకుందాం.

మన యునానీ తిబ్బులో వైద్యానికి ఒక వరస ఉంది. తద్బీర్, అంటే నడవడిక సరిదిద్దడం. గిజా, అంటే ఆహారం. దవా, అంటే మందు. ఇవన్నీ అయ్యాకే ఇలాజ్ బిల్ యద్, అంటే చేతితో చేసే వైద్యం, కత్తి. మన పెద్దలు కత్తిని వద్దనలేదు, చివర పెట్టారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ వరస తలకిందులైంది.

తెలుగువాళ్ళకు ఈ సంగతి మరీ దగ్గరిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3 మందికి కొంచెం పైన. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది. మన పుట్టింటి ఊళ్ళలో పిన్నమ్మకూ వదినకూ అయిపోయిన ఆపరేషను కాబట్టి, "ఏముందే, వారంలో లేచి తిరుగుతావు" అనే మాట ఫోనులో సులువుగా వచ్చేస్తుంది. మహారాష్ట్రలో ఉన్నవారికి బీడ్ జిల్లా సంగతి గుర్తుండే ఉంటుంది. చెరకు నరికే కూలి పనికి పోయే ఆడవాళ్ళలో 80 వేల పైచిలుకు మందిని 2019లో విచారిస్తే 13 వేలమందికి పైగా గర్భసంచి లేదని తేలింది. ముట్టు వస్తే పని పోతుందన్న భయం ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

మన ఇళ్ళలో ఇంకొక మాట వింటుంటాను. "ఎప్పుడూ రక్తమే, నమాజుకూ రోజాకూ లేకుండా పోతోంది, తీసేస్తే పాకీగా ఉంటాను" అని. సోదరీ, దీనికి ఆపరేషను అవసరం లేదు. హనఫీ మస్లక్ ప్రకారం హైజ్ 3 రోజులకు తక్కువ, 10 రోజులకు ఎక్కువ ఉండదు. పది దాటి వచ్చేది ఇస్తిహాజా. అప్పుడు నమాజు మాఫీ కాదు, వుజూ చేసుకుని చదవాల్సిందే. మీ పాత అలవాటు ఎన్ని రోజులన్నదాన్ని బట్టి లెక్క ఉంటుంది కాబట్టి మసలాను ఆలిమ్ దగ్గర అడగండి. నాకు కావలసింది ఆ లెక్కే. తేదీలు, ఎన్ని బట్టలు మార్చారు, గడ్డలుగా పడిందా లేదా ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకోండి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

ఇక జబ్బు పేరు తెలుసుకోండి. "గర్భసంచి వాచింది", "పుండైంది", "పాడైంది" అనేవి జబ్బు పేర్లు కావు. తెల్లబట్ట, నడుము నొప్పి ఉన్నంత మాత్రాన గర్భసంచి తీయనక్కర్లేదు. రక్తం ఎక్కువ పోవడానికి ఫైబ్రాయిడ్ గడ్డ, అంటే మనం రసౌలీ అనేది, కారణం కావచ్చు. లోపలి పొరలో పాలిప్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, హార్మోన్ల తేడా కావచ్చు. ఒక్కోసారి గర్భసంచికి పట్టిన టీబీ కూడా నెలసరిని చెడగొట్టి పిల్లలు కలగకుండా చేస్తుంది. అవసరమైతే లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు లేకుండా "కాన్సరుగా మారుతుంది" అన్న మాటకు బెదిరిపోకండి. ఫైబ్రాయిడ్ కాన్సరుగా మారడం చాలా అరుదు.

గడ్డ ఎంత పెద్దదన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యమే. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకు వచ్చినది చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది, గర్భం నిలవదు. దాన్ని చాలావరకు పొట్ట కోయకుండా కింది దారిన గొట్టం పంపి తీసేస్తారు. గోడలో ఉన్న పెద్ద గడ్డను మాత్రమే తీసి గర్భసంచిని కుట్టి ఉంచే ఆపరేషను ఉంది, దాని పేరు మయోమెక్టమీ. బిడ్డ కావాలనుకునే స్త్రీ డాక్టరును నోరు తెరిచి అడగాల్సిన పేరు ఇదే. దాంట్లోనూ కష్టాలున్నాయి. గడ్డలు మళ్ళీ పుట్టవచ్చు, కొన్ని నెలలు గర్భం రాకుండా ఆగమంటారు, కాన్పు సిజేరియన్ కావచ్చు. బయటివైపు వేలాడే గడ్డ బాధ పెట్టకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

గడ్డ లేకుండా రక్తం పోతుంటే నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే మాత్రలున్నాయి. అవి గర్భాన్ని అడ్డుకోవు. హార్మోను లూప్ ఉంది. అది లోపల ఉన్నన్నాళ్ళు గర్భం రాదు, తీసేస్తే దారి తెరుచుకుంటుంది. ఒంట్లో రక్తం లేక పీక్కుపోయినవారు ఏడాది రెండేళ్ళు తేరుకోవడానికి అది పనికొస్తుంది. కానీ గర్భసంచి లోపలి పొరను కాల్చేసే వైద్యం బిడ్డ కావాలనుకునేవారికి పనికిరాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మన మందుల మాటేమిటని అడుగుతారు. ఇబ్న్ సీనా ఖానూన్ మూడవ గ్రంథంలో గర్భకోశ వ్యాధుల చర్చ ఉంది. కస్రతె తమ్స్, అంటే అధిక రక్తస్రావానికి, ఖుర్సె కహ్రుబా, షర్బతె అంజబార్ వంటి హాబిసె దమ్ మందులను హకీములు తరతరాలుగా ఇస్తున్నారు. చిన్న గడ్డ, మితమైన రక్తస్రావం ఉన్నవారు హకీం పర్యవేక్షణలో మూడు నెలలు వాడి చూడవచ్చు. చూడడమంటే ఊరికే కాదు. మొదలుపెట్టే ముందు, అయ్యాక హిమోగ్లోబిన్, స్కానింగు చేయించి పోల్చాలి. తగ్గకపోతే నేనే డాక్టరమ్మ దగ్గరికి పంపిస్తాను. పిడికిలంత గడ్డను కరిగిస్తానని మాటిచ్చే హకీం దగ్గరికి పోకండి. పక్కింటామె మందు తెచ్చి వాడకండి. అబ్హల్ వంటి ముట్టు తెప్పించే మందులు వేరు, రక్తం ఆపే మందులు వేరు. ఒకదానికి ఒకటి వాడితే రక్తం మరింత పోతుంది. గర్భం నిలిచి ఉంటే దానికీ చేటు. బెంగుళూరు వైపువారికి అక్కడి జాతీయ యునానీ సంస్థలో స్త్రీల వ్యాధుల విభాగం ఉంది.

హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. ఖర్జూరం, కలేజీ మంచివే గానీ నెలనెలా అంత రక్తం పోతుంటే అవి చాలవు. ఐరన్ మాత్ర వేసుకోవాలి. టీతో కాదు, నిమ్మరసంతో. రక్తం పట్టాక చాలామందికి నీరసం, దడ తగ్గి, "తీసేయండి బాబోయ్" అన్న నిస్పృహ కూడా తగ్గుతుంది. నీరసంలో ఇంత పెద్ద నిర్ణయం తీసుకోకండి.

ఆశను కూడా పరీక్షించాలి. ముప్ఫై రెండేళ్ళ ఆశ వేరు, నలభై నాలుగేళ్ళ ఆశ వేరు. భర్తకు వీర్య పరీక్ష చేయించారా? పెళ్ళై పదేళ్ళైనా అది చేయించని ఇళ్ళు ఎన్నో. లోపం ఎక్కడుందో చూడకుండా ఆమె గర్భసంచి మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. దుల్హా సాబ్‌లకు ఈ మాట చేదుగానే ఉంటుంది, అయినా మింగండి.

ఇక సంతకం. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, మదరసాలో ఉర్దూ, ఆస్పత్రిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో. కాగితం మాత్రం ఇంగ్లీషులో. చదివి చెప్పించుకోకుండా వేలు పెట్టకండి. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. పరీక్షకు ఒప్పుకున్న స్త్రీకి మత్తులో ఉండగా, ప్రాణాపాయం లేకుండానే, గర్భసంచి తీయడం చెల్లదని, తల్లి ఒప్పుకున్నా ఆమె ఒప్పుకున్నట్టు కాదని. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపేందుకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ఇంకో డాక్టరుకు చూపించుకుంటానంటే ఎవరినీ అవమానించినట్టు కాదు. గడ్డ తీసే ఆపరేషనుకే సంతకం పెడుతున్నా, "లోపల రక్తం ఆగకపోతే ఏం చేస్తారు? అండాశయాలు ఉంచుతారా?" అని ముందే అడగండి. ప్రభుత్వ కార్డు మీద ఉచితం అన్నది కారణం కాదు. ఉచితంగా పోయినదీ పోయినట్టే.

అయితే ఆశను పక్కన పెట్టాల్సిన సందర్భాలున్నాయి. కాన్పులో రక్తం ఏ విధంగానూ ఆగనప్పుడు, కాన్సరు ఖాయమైనప్పుడు ప్రాణమే ముందు. జాన్ హై తో జహాన్ హై. అప్పుడు కూడా, చాలా తొలిదశ కాన్సరైతే గర్భసంచి నిలిపే వీలుందా అని పెద్ద కాన్సరు ఆస్పత్రిలో ఒకసారి అడగండి. లేదంటే ఆలస్యం చేయకండి. గంటకొక బట్ట తడిసినా, కళ్ళు తిరిగి పడిపోయినా, నెల తప్పాక ఒకపక్క విపరీతమైన నొప్పి వచ్చినా హకీం దగ్గరికి కాదు, నేరుగా ఆస్పత్రికి పోవాలి.

అత్తగార్లకూ భర్తలకూ ఒక మాట. గర్భసంచి పోయిన కోడలు పనికిరానిది కాదు, పోగొట్టుకుని ఏడుస్తున్న మనిషి. ఆమె ముందు రెండో నికాహ్ మాటలు ఎత్తకండి. ఆ భయంతోనే కొందరు ఆపరేషను వాయిదా వేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. తీయించుకోవాలా, ఆగాలా అన్నది చివరికి ఆమే చెప్పాలి. మన పని ఆమె పక్కన కూర్చుని రిపోర్టులు చదివించడం, ఇంకో డాక్టరు దగ్గరికి తోడు పోవడం.

సంతానం ఇచ్చేదీ ఇవ్వనిదీ అల్లాహ్. కానీ అడిగి తెలుసుకోవడం మన చేతిలోనే పెట్టాడు. ఆయన మీ అందరికీ సిహత్ ప్రసాదించుగాక. ఆమీన్.