సర్వర్‌లో అర్ధరాత్రి హత్యలు!

పచ్చళ్లు అమ్మే చిన్న వెబ్‌సైటు ఒకటుందనుకోండి. పొద్దున్నే చూస్తే రాత్రి వచ్చిన ఆర్డర్లలో రెండు లేవు. డబ్బు కట్టినవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. సైటేమో నిక్షేపంగా పనిచేస్తుంటుంది! వీపీఎస్... అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్ అద్దెకు తీసుకున్నవాళ్లకు ఇలాంటి చిక్కు కొత్తేమీ కాదు.

వీపీఎస్ పెద్ద అపార్ట్‌మెంటులో ఓ ఫ్లాటు లాంటిది. అందులో ఒక్కో గదిలో ఒక్కో ప్రోగ్రామును ఉంచడమే కంటెయినర్ పద్ధతి. 2013లో డాకర్ వచ్చాక చిన్న సైట్లవాళ్లకూ ఇది తేలికైంది. వెబ్‌సైటు ఒక గదిలో, డేటాబేస్ మరో గదిలో. గోడలున్నాయి కదా, ఒకరి గొడవ ఇంకొకరికి అంటదనుకుంటారు. కానీ నీళ్ల ట్యాంకు అందరికీ ఒక్కటే! ఆ ట్యాంకే మెమరీ. మనం చెబితే తప్ప డాకర్ ఏ గదికీ ఇంతే వాడాలని హద్దు పెట్టదు.

పైగా లినక్స్‌ది ధారాళమైన చెయ్యి. ఉన్నదానికంటే ఎక్కువే ఇస్తానని ఒప్పేసుకుంటుంది. వెయ్యి శుభలేఖలు పంచి, అందరూ రారులే అని ఏడొందల మందికి వండించినట్టన్నమాట. అందరూ ఒకే బంతిలో కూర్చున్నారో... 'ఔట్ ఆఫ్ మెమరీ కిల్లర్' రంగంలోకి దిగుతుంది. తప్పెవరిదని అది చూడదు. ప్రధానంగా ఎవరి దగ్గర ఎక్కువ మెమరీ ఉందనే చూస్తుంది. చాలాసార్లు బలయ్యేది డేటాబేసే. అసలు దోషి అర్ధరాత్రి మొదలైన బ్యాకప్ కావచ్చు. డబ్బు ముట్టిందన్న కబురు సరిగ్గా ఆ క్షణంలో వస్తే రాసుకునే దిక్కుండదు.

చంపేముందు చెప్పదు కూడా. అందుకే కంటెయినర్ లాగ్‌లో చివరి మాటంటూ ఉండదు. ఆ ఖాళీ లాగ్‌ను గంటలకొద్దీ తిరగేయడం వృథా. చూడాల్సింది ఎగ్జిట్ కోడ్‌ని. 137 అని ఉంటే బలవంతపు చావే: 128కి 'కిల్' సంకేతం 9 కలిపితే వచ్చే అంకె అది. 143 అయితే మర్యాదగా వెళ్లమంటే వెళ్లింది. 1 అయితే సాధారణంగా ప్రోగ్రాములోనే లోపం. 137 కనిపిస్తే 'డాకర్ ఇన్‌స్పెక్ట్' ఆదేశమిచ్చి 'ఓఓఎం కిల్డ్' ఎదురుగా ఏముందో చూడాలి. 'ఫాల్స్' అని ఉన్నా నమ్మేయకండి. మొత్తం సర్వర్‌లోనే మెమరీ అయిపోతే ఆ సంగతి అక్కడ నమోదు కాకపోవచ్చు. కెర్నెల్ లాగ్ తెరిస్తే ఎవరు పోయారో, అప్పుడు వాళ్ల దగ్గర ఎంత మెమరీ ఉందో వివరంగా దొరుకుతుంది.

మరి తెల్లారేసరికి సైటు ఎలా లేచింది? 'రీస్టార్ట్ ఆల్వేస్' అని రాసి పెట్టుకోవడం వల్ల. పడినప్పుడల్లా డాకరే లేపుతుంది. మొదట సెకనులో పదోవంతు ఆగి, మళ్లీ మళ్లీ పడుతుంటే రెట్టింపు చేసుకుంటూ నిమిషం దాకా ఆగుతుంది. సౌకర్యమే, కానీ జ్వరం మాత్ర లాంటిది. రీస్టార్ట్ కౌంట్ చూసేదాకా యజమానికి జబ్బు సంగతే తెలియదు!

పెద్ద సర్వర్‌కు మారిపొమ్మనే సలహా ఉచితంగా దొరుకుతుంది. మెమరీ లీకవుతుంటే రెండు జీబీ చోట నాలుగిచ్చినా అది పడేది కాస్త ఆలస్యంగా, అంతే. ముందు 'డాకర్ స్టాట్స్'తో ఎవరికెంత కావాలో రాత్రి వేళ కూడా గమనించి, ఒక్కో కంటెయినర్‌కు హద్దు పెట్టాలి. అప్పుడు అతిగా తాగినవాడే పోతాడు, పక్కవాడు బతుకుతాడు. స్వాప్ లేకపోతే ఒక జీబీ ఫైలు పెట్టుకుంటే కొంత ఊపిరి. పనిలో పనిగా లాగ్ ఫైళ్లకూ గరిష్ఠ పరిమాణం రాయండి. డాకర్ మామూలు అమరికలో అవి పెరుగుతూనే ఉంటాయి. డిస్కు నిండినా డేటాబేస్ పడుతుంది, కాకపోతే అప్పుడు 137 కనిపించదు.