మాంసపుటంగడిలోఁ గూఁతు భాగము

సోదరీమణులారా! మాంసపుటంగడి ముచ్చట మనకేల యని మూతి విఱువకుఁడు.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, లాక్హార్టు అను నూర, 1900లో క్రైట్సు మార్కెట్టను మాంసపుటంగడి వెలసెను. అమ్ముడుపోని మాంసమును పాఱవేయక కట్టెపొగసెగను గాల్చి, కాగితమునఁ జుట్టి యమ్మిరి. ప్రత్తి తీయు కూలివారికి రొట్టెతోఁ గూడ నదియే మధ్యాహ్నభోజనము. పళ్లెరము లేదు, ముల్లుగరిటె లేదు. పొదుపెఱిఁగిన యిల్లాలి బుద్ధి గాదా యిది?

1948లో దానిని గొన్న ష్మిట్టు వ్యాపారమును గొడుకులకు నమ్మి, కట్టడమును గూఁతునకు వ్రాసెను. (మన చట్టము 2005లోఁ గూఁతునకు సమభాగ మొసఁగినను, నగలిచ్చి సరిపుచ్చువారే పెక్కురు.) తండ్రి పోయిన పిదప అద్దెమాటలు పొసఁగలేదు. 1999లో సోదరుఁడు పాతపొయ్యి నిప్పులను దొట్టిలో నీడ్చుకొనిపోయి, యా యూరనే వేఱొకచోటఁ బాతపేరుతో నంగడి తెఱచెను. ఆమె యాపొయ్యికడనే, తండ్రి ముద్దుపేర, స్మిట్టీసు మార్కెట్టు నెలకొల్పెను. నేఁటికిని రెంటను మాంసము కాగితముననే చుట్టి యిత్తురు.