విశేషణాలు తీసేస్తే ఏం మిగిలింది?

చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే మీద తెలుగు వికీపీడియా కోసం నేను రాసిన మొదటి పేరాలో "అద్భుతం", "మహోన్నతం", "అనిర్వచనీయం" మూడూ ఉన్నాయి. కింద వేలం ధరలు. మా రూమ్మేట్ చదివి, "ఇంతకీ ఆయన ఏం చేశాడ్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు!

బగ్ వెతికినట్టు ఒక్కో వాక్యం చూసి, విశేషణాలన్నీ పీకేశా. వాటి చోట విషయం పెట్టా. 1924లో నాగపూర్‌లో పుట్టారు. ముంబయి జె.జె. స్కూల్లో చదివారు. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లారు. రోలర్‌తో, ప్యాలెట్ నైఫ్‌తో రంగు పూసి, గీకి, పొర మీద పొర వేసేవారు. ఏడాదికి కొన్ని చిత్రాలే. తన పనిని 'నాన్-ఆబ్జెక్టివ్' అనేవారు, నైరూప్యం అంటే ఒప్పుకునేవారు కాదు.

ఇలాంటి బొమ్మలో చెట్టూ మనిషీ ఉండరు కాబట్టి చెప్పడానికేమీ లేదనుకుని, పొగడ్తతోనో ధరతోనో నింపేస్తాం. ఎలా చేశారో చెబితే చాలని నా అభిప్రాయం. నచ్చిందో లేదో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కదా, 'టెక్స్చర్'కి తెలుగు మాట కోసం ఓ సాయంత్రమంతా వెతికా. చివరికి "గరుకు, నునుపు" అని రాశా. ఈసారి రూమ్మేట్ ఏమీ అడగలేదు. బొమ్మ పెద్దది చేసి చూస్తున్నాడు.