పెట్టె దానంగా వస్తుంది, బ్యాటరీ రాదు: ఊరికి వైర్‌లెస్ నెట్ పెట్టే ముందు లెక్క చూద్దాం

పోస్టు కాస్త పెద్దదే. కానీ అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు చదవాల్సింది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, మా ఊళ్లో సిగ్నల్ లేదు. మీరంతా హైటెక్ సిటీలో ఉన్నారు కదా, ఏదైనా కంపెనీతో మాట్లాడి సీఎస్ఆర్ కింద టవర్ పెట్టించండి" అని. చాలామంది అవునన్నారు. నేను మాత్రం అలా అడగొద్దంటున్నా. ఊరికి నెట్ అవసరం లేదని కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరు ఫోన్ యాప్‌లో ఫొటో తీసి ఎక్కించాల్సిందే. రేషన్ షాపులో వేలిముద్ర, స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు అన్నీ ఆన్‌లైనే. సిగ్నల్ కోసం కొండెక్కే మన పిల్లలకి నెట్ సోకు కాదు, కూలి డబ్బులు, చదువు.

నా అభ్యంతరం దానం మీద. మా వైపు ఒక ఊళ్లో ఇలాగే ఒక సంస్థ వచ్చి సోలార్ ప్యానెల్, రేడియో, వైఫై పెట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్లింది. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత బ్యాటరీ ఉబ్బింది. కొత్తది కొనే డబ్బు ఎవరి పద్దులోనూ లేదు. పెట్టె ఇప్పటికీ స్తంభం మీదే ఉంది, దాంట్లో పిట్టలు గూడు పెట్టుకున్నాయి.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. ఇరవై ఏళ్ల క్రితం, దేశంలో చాలామందికి వైఫై అంటే ఏంటో తెలియని రోజుల్లో, పశ్చిమ గోదావరి జిల్లాలో 'అశ్విని' అనే నెట్‌వర్క్ నడిచింది. భీమవరం కేంద్రంగా పల్లెపల్లెకీ దూరపు వైఫై లింకులు వేసి పాఠాలు, వైద్య సలహాలు అందించారు. నడిపింది బైర్రాజు ఫౌండేషన్, అంటే హైదరాబాద్ ఐటీకి పేరు తెచ్చిన సత్యం వ్యవస్థాపకుల కుటుంబానిదే. ఇలాంటి పల్లె నెట్‌వర్కుల అనుభవాలను ఐఐటీ కాన్పూర్‌కి చెందిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో ఒక వ్యాసంగా రాశారు. అందులో మనకి పనికొచ్చే మాట ఒకటుంది: వైఫై రేడియోలు ప్రపంచమంతా లక్షల్లో తయారవుతాయి కాబట్టి చవక, అసలు ఖర్చు వాటిని ఎత్తులో నిలబెట్టే టవర్ది. చదునైన డెల్టాలో చెట్ల మీదుగా ఒక రేడియో ఇంకో రేడియోకి కనిపించాలంటే ఎత్తుని డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

రెండో పాఠం 2009 జనవరిలో వచ్చింది. సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఫౌండేషన్‌కీ నిధుల కష్టం తప్పలేదు. దాత ఎంత పెద్దవాడైనా ఊరి నెట్ ఒక్కడి జేబు మీద ఆధారపడితే, ఆ జేబు చిరిగిన రోజు ఊరు కూడా ఆగిపోతుంది.

ఇక లెక్కకొద్దాం. 40 ఇళ్ల గూడెం, ఐదారు కిలోమీటర్ల దూరంలో ఫైబర్ ఉన్న మండల కేంద్రం అనుకుందాం. ఇవి నేను వేసుకున్న సుమారు ధరలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మీరే అడిగి సరిచూసుకోండి.

దూరపు లింక్ రేడియోలు రెండు: 16,000
ఊళ్లో సిగ్నల్ పంచే సెక్టార్ రేడియోలు రెండు: 30,000
రౌటర్, స్విచ్, కేబుల్, స్పేర్ సామాను: 44,000
గొట్టపు స్తంభాలు రెండు, గై వైర్లు, ఎర్తింగ్, పిడుగు రక్షణ: 90,000
రెండు చోట్ల సోలార్, బ్యాటరీ, కంట్రోలర్: 70,000
40 ఇళ్లకి రేడియో, చిన్న రౌటర్, ఇంటికి 5,000 చొప్పున: 2,00,000

మొత్తం 4,50,000. దూరాన్ని దాటించే రెండు రేడియోలు అందులో పదహారు వేలే, గమనించండి. మనం భయపడే సామాను చవక. మనం లెక్కలోకి తీసుకోని స్తంభం, కరెంటు, ఇంటింటి పెట్టె, ఇవే ఖరీదు.

ఈ మొత్తానికీ 11 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పు తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 9,800. ఇంటికి 300 చొప్పున 40 ఇళ్ల నుంచి వచ్చేది 12,000. మిగిలేది 2,200. దాంతో బ్యాండ్‌విడ్త్ బిల్లు కడతామా, పనిచేసే మనిషికిస్తామా? పైగా మామూలు బ్యాటరీ మూడు నాలుగేళ్లకి పోతుంది, అప్పు మాత్రం ఐదేళ్లుంటుంది. ఇలా దిగినవాడు మునుగుతాడు. వాడు మునిగితే "గిరిజన యువకులకి అప్పిస్తే తిరిగి రాదు" అనే మాట బ్యాంకులో ఇంకో పదేళ్లు నిలబడిపోతుంది.

అందుకే నా వాదన: ఒకే అప్పుతో అన్నీ కొనొద్దు. మూడు రకాల సామానుకి మూడు రకాల డబ్బు కావాలి.

ఒకటి, స్తంభం, సోలార్. ఇవి రోడ్డు, బోరు లాంటివి. వీటికి ప్రజాధనమో సీఎస్ఆరో పెట్టాలి, ఆస్తి పంచాయతీ పేరు మీద ఉండాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మనం అడగాల్సింది దీనికే, దాంతోపాటు ఊరి పిల్లలిద్దరికి శిక్షణకి.

రెండు, రేడియోలు, రౌటర్లు. ఇవి సంపాదించి పెట్టే సామాను, అప్పు వీటికే. పీఎంఈజీపీలో సేవా రంగానికి 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టొచ్చు. పల్లెలో ఎస్టీలకి 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. రెండు విషయాలు మరిచిపోవద్దు. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి ఇది రాదు. స్తంభం పంచాయతీ పేరు మీద ఉండాలనడానికి ఇది కూడా ఒక కారణం.

మూడు, ఇంటి పెట్టె. వాడుకునేవాళ్లు 2,000 డిపాజిట్ కట్టాలి, మిగతా 3,000 అప్పులో కలుస్తుంది. అంత కట్టలేని ఇళ్లకి ఊరి మధ్యలో పీఎం-వాణి వైఫై పెట్టి కూపన్ మీద ఇవ్వొచ్చు.

ఇప్పుడు మళ్లీ లెక్క. అప్పులోకి వచ్చే సామాను 2,10,000. సబ్సిడీ 73,500, మన వాటా 10,500 పోగా అసలు భారం 1,26,000. కిస్తీ దాదాపు 2,750. మిగిలే 9,250లో బ్యాండ్‌విడ్త్‌కి నాలుగైదు వేలు, బ్యాటరీ నిధికి 1,500 తీస్తే మనిషికి మిగిలేది మూడు వేల చిల్లర. జీతం కాదది, నిజం చెప్పుకోవాలి. కిరాణా కొట్టో జిరాక్స్ షాపో ఉన్నవాళ్లకి పక్క ఆదాయం. నాలుగైదు గూడేలు ఒకే లింక్ మీద కలిస్తేనే ఒకరికి పూర్తి ఉపాధి. కాబట్టి ఊరికొకరు కాదు, ఊళ్లు కలిసి దిగాలి.

హామీ సంగతి. 1/70 చట్టం వల్ల మన భూమి జప్తు చేసినా గిరిజనేతరులకి అమ్మలేరు, అటవీ హక్కుల పట్టా అసలు అమ్మకానికే లేదు. అందుకని బ్యాంకులు వెనకాడతాయి. దీనికి 1/70ని సడలించాలనేవాళ్ల మాట వినొద్దు. నెట్ కోసం భూమి పోగొట్టుకోవడమంత తెలివితక్కువ బేరం లేదు. ముద్ర రుణానికి భూమి హామీ అవసరం లేదు, అడిగితే రాతపూర్వకంగా కారణం ఇవ్వమనండి.

డెల్టాకి లేనిది మనకొకటుంది: కొండ. వాళ్లు డబ్బు పోసి కొన్న ఎత్తు మనకి పుట్టుకతో ఉంది. అది అటవీ భూమి అంటారు, నిజమే. కానీ అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో ఇచ్చిన ఊరి సౌకర్యాల జాబితాలో టెలికం లైన్లున్నాయి, దానికి గ్రామసభ సిఫార్సు కావాలి. స్తంభం కూడా అందులోకే రావాలని గ్రామసభ తీర్మానంతో అడగాలి. కాబట్టి మొదటి కాగితం బ్యాంకులో కాదు, గ్రామసభలో రాయాలి.

లైసెన్స్ విషయం. వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాలకి 2018 నుంచి విడి లైసెన్స్ అక్కర్లేదు, ప్రభుత్వ ఆమోదం ఉన్న పరికరమే కొనాలి. కానీ నెట్ అమ్మడానికి అనుమతి కావాలి. పీఎం-వాణి దుకాణానికి లైసెన్స్, ఫీజు రెండూ లేవు. ఇంటింటికీ ఇవ్వాలంటే లైసెన్స్ ఉన్న సంస్థకి ఫ్రాంచైజీగా చేరడమే మొదట్లో తేలిక.

"బీఎస్ఎన్ఎల్ 4జీ టవర్లొస్తున్నాయి, స్టార్‌లింక్ వస్తోంది, ఇదంతా దేనికి?" అంటారు కొందరు. మంచి ప్రశ్నే. మీ ఊరు ఆ టవర్ల జాబితాలో ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే అప్పు తీసుకోకండి, టవర్ కోసం కొట్లాడండి. పంచాయతీ దాకా భారత్‌నెట్ తీగ ఉంటే అది నడుస్తోందో లేదో చూడండి. ఇవేవీ లేని ఊళ్ల గురించే నా మాట.

ఐటీ కారిడార్‌లో పనిచేసే మనవాళ్లకి చివరిగా ఒక్క మాట. ఊరికి టవర్ తెచ్చిన వీరులం కానక్కర్లేదు. ఆ 5 శాతం వాటాలో సాయం చేయండి, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టండి, రాత్రి లింక్ పడిపోతే ఫోన్‌లో దారి చెప్పండి. కింద మీ ఊరి పేరు, ఇళ్లెన్ని, దగ్గరి ఫైబర్ ఎంత దూరం, మధ్యలో కొండ కనిపిస్తుందా, ఈ నాలుగూ రాయండి. కలవగలిగే ఊళ్లేవో ముందు తేల్చుకుందాం. అప్పు సంగతి ఆ తర్వాతే.