పేరుతో పాటు నమ్మకాన్నీ అమ్మవచ్చా?

దుకాణం అమ్ముకోవడం తప్పు కాదు. చెమటోడ్చి పెంచిన వ్యాపారాన్ని మంచి ధర వచ్చినప్పుడు మరొకరికి అప్పగించే హక్కు యజమానికి ఉంది. కానీ ఆ దుకాణం ఒక నియమం పేరు చెప్పి పెరిగినదైతే? కొన్నవారు సరుకుతో పాటు ఆ నియమాన్నీ నమ్మి కొన్నవారైతే? అప్పుడు అమ్ముడుపోయేది గోడలు, యంత్రాలు మాత్రమేనా? వీగన్ ఆహార సంస్థల విషయంలో పాశ్చాత్య దేశాలలో కొన్నేళ్లుగా సాగుతున్న వివాద సారాంశం ఇదే.

మాంసం, చేపలు, గుడ్లే కాక పాలు, నెయ్యి, తేనె కూడా ముట్టనివారు వీగన్లు. జంతువులను బాధపెట్టి తెచ్చిన ఏ పదార్థమూ వద్దన్నది వారి నియమం. మా పాఠకులలో చాలామందికి ఆ నియమం లేదు. అయినా పొట్లం తిప్పి, అందులో ఏమున్నదో చదివాకే కొనే అలవాటున్న వారికి వీగన్ల ఆవేదన అర్థం కాకపోదు.

నెదర్లాండ్స్ ఉదంతం చూడండి. తొమ్మిది తరాలుగా వ్యవసాయం చేస్తున్న కుటుంబానికి చెందిన యాప్ కోర్టెవెగ్, పశువ్యాధి ప్రబలినప్పుడు జంతువులను మూకుమ్మడిగా చంపడం చూసి మాంసం మానుకున్నారు. 2010లో హేగ్ నగరంలో ‘ది వెజిటేరియన్ బుచర్’ అనే దుకాణం తెరిచి, మొక్కల నుంచి తీసిన మాంసకృత్తులతో మాంసం రుచి గల ఆహారం అమ్మసాగారు. 2018లో యూనిలీవర్ దాన్ని కొన్నది. 2025లో యూనిలీవర్ దాన్ని వివెరా అనే సంస్థకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నది. ఆ వివెరాను 2021లోనే బ్రెజిల్‌కు చెందిన జేబీఎస్ కొనేసింది. మాంసం వ్యాపారంలో ప్రపంచంలోనే అతిపెద్ద కంపెనీ అది! ఒకసారి చేయి జారిన పేరు రెండోసారి ఎవరి గూటికి చేరుతుందో మొదటి యజమాని చేతిలో ఉండదు.

కెనడాలో వీగన్ జున్ను తయారుచేసే డయా కథ మరొకటి. 2017లో జపాన్ ఔషధ కంపెనీ ఒట్సుకా 40.5 కోట్ల కెనడా డాలర్లకు దాన్ని కొన్నది. మందులను జంతువులపై పరీక్షించే కంపెనీ అది. జున్నులో ఏమీ మారలేదు. అయినా కొన్ని వీగన్ దుకాణాలు ఆ సరుకును అమ్మడం మానుకున్నాయి.

అమెరికాలో 1977లో మొదలైన వైట్‌వేవ్ సంస్థ ‘సిల్క్’ సోయా పాలతో పేరు తెచ్చుకున్నది. అప్పట్లో ఆ దేశంలో అతిపెద్ద పాల కంపెనీగా ఉన్న డీన్ ఫుడ్స్ 2002లో దాన్ని కొన్నది. 2009లో సిల్క్ సరుకులలో అధికభాగం సేంద్రియ సోయాను వదిలి మామూలు సోయాకు మారాయి. డబ్బా రూపం పెద్దగా మారలేదు. తమకు తెలియకుండా సరుకు మార్చారని దుకాణదారులు, కొనుగోలుదారులు ఆక్షేపించారు.

అమ్మినవారి వాదన కొట్టిపారేయదగినది కాదు. యంత్రాలకు, శీతల గిడ్డంగులకు, ఊరూరా పంపిణీకి పెట్టుబడి కావాలి. పెద్ద కంపెనీ చేయి వేస్తే సరుకు మామూలు అంగళ్లకూ చేరుతుంది, ధర తగ్గే అవకాశం ఉంటుంది, నియమం లేనివారూ రుచి చూస్తారు. తన పాలకు, మాంసానికి గిరాకీ తగ్గితే చాలు, పశువుకు వాటాదారుల పేర్లతో పనిలేదు. ఇది నిజమే. కానీ మాంసం కంపెనీ మొక్కల ఆహార సంస్థను కొన్నంత మాత్రాన కబేళాలు మూసివేయదు. ఒక వ్యాపారానికి మరొకటి జతచేసుకుంటుంది, అంతే. కొనుగోలుదారు ఇచ్చిన డబ్బు ఆ ఖజానాకే చేరుతుంది. ఇదీ నిజమే.

మా దృష్టిలో తప్పు అమ్మకంలో లేదు, దాపరికంలో ఉన్నది. ముడిసరుకు, తయారీ పద్ధతి, జంతువులపై పరీక్షల నిషేధం వంటి షరతులను విక్రయపత్రంలోనే రాయించాలి. మళ్లీ అమ్మినా ఆ షరతులు వర్తించాలి. యజమాని మారిన సంగతి కొనేవారికి బాహాటంగా చెప్పాలి. లోపల సరుకు మారితే పైన పొట్లమూ కంటికి తెలిసేలా మారాలి. ఈ షరతులకు ఒప్పుకోని కొనుగోలుదారు ఎంత ధర పలికినా, అతడు కోరుతున్నది పేరునే తప్ప నియమాన్ని కాదని గ్రహించాలి.

ఈ ప్రశ్న మనకూ దూరమైనది కాదు. 2022లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు, ముద్ర తెచ్చింది. అది ఆహ్వానించదగినదే. అయితే ఆ ముద్ర సరుకు గురించి చెబుతుందే గాని, యజమాని గురించి చెప్పదు. మిగతాది కొనేవారే అడిగి తెలుసుకోవాలి.

పాత దస్తావేజులలో ‘అమానతు’ అనే మాట కనిపిస్తుంది. నమ్మి ఒకరి దగ్గర దాచుకున్న సొమ్ము అది. కొనుగోలుదారుల నమ్మకం అటువంటిదే. దుకాణం యజమానిది కావచ్చు, అమానతు మాత్రం దాచుకున్నవారిదే. దుకాణం చేతులు మారే రోజున దాని లెక్క వారికి అప్పజెప్పడం కనీస ధర్మం.