అక్వేరియంలో చిరుజెల్లలు

ఇంట గాజుతొట్టె అమర్చి రంగురంగుల చేపలను పెంచేవారు చిట్టచివరగా అడుగున తిరిగే జెల్లచేపనొకదానిని కొనడం పరిపాటి. తక్కినవి వదిలిన మేతను, మలినాన్ని తిని అది తొట్టెను శుభ్రపరుస్తుందని దుకాణదారు చెబుతాడు; కొనేవారు నమ్ముతారు. దక్షిణ అమెరికా నదులనుండి వచ్చిన కోరిడోరాస్ అనే చిరుజెల్లలకు ఈ నమ్మకంవల్ల జరుగుతున్న అన్యాయం అంతా ఇంతా కాదు.

కోరిడోరాస్ మలినాన్ని తిని బతకదు. పురుగులు, సూక్ష్మమైన జలకీటకాలు దాని సహజాహారం. ఎంగిలిమేతకే వదిలివేస్తే క్రమంగా కృశిస్తుంది. తానూ విసర్జించే ప్రాణి గనుక మలినాన్ని పెంచుతుందే గాని తగ్గించదు. వారానికొకమారు కొంత నీటిని మార్చవలసిన శ్రమను చేప నెత్తిన వేయడం సోమరితనమే. ఇదే పేరుతో అమ్ముడయ్యే సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. భరించలేక యజమానులు చెరువులపాలు చేయగా, నేడది తెలుగునాట వ్యాపించి జాలరుల వలలను చింపుతున్నది.

ఒంటరితనం అంతకంటె పెద్ద శిక్ష. ఈ చేపలు గుంపుగా జీవించేవి. కంచువన్నె కోరిడోరాస్ పక్కచేపను సున్నితంగా తాకుతూ గుంపు కదలికలను సమన్వయపరచుకొంటుందని శాస్త్రజ్ఞులు గమనించారు. ఒంటరిది మూలన నక్కి ఉంటే, ఎంత నెమ్మదైన చేపయో అని ఇంటివారు మురిసిపోతారు. అది నెమ్మది కాదు, బెదురు. ఒకే జాతివి ఆరింటినైనా పెంచగల చోటు లేనివారు వీటిని కొనకపోవడమే న్యాయం.

తొట్టె అడుగున మెత్తని ఇసుక ఉండాలి. ఈ జెల్ల ఇసుకను నోట తీసుకొని, ఆహారాన్ని ఏరుకొని, మిగిలినదానిని మొప్పలగుండా వదులుతుంది. వాడిరాళ్లు పరిస్తే ఆహారాన్ని తడిమి గుర్తించే మీసాలు దెబ్బతింటాయి. చూపుకు సొంపని రంగురాళ్లు పోసేవారు ఈ సంగతి ఎరుగరు.

అప్పుడప్పుడు ఇది పైకి దూసుకువచ్చి గాలిని మింగుతుంది. ఆ గాలిలోని ప్రాణవాయువును పేగు గ్రహిస్తుంది. ఇది సహజమే, కాని మాటిమాటికీ అలా చేస్తే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని భావించాలి. వేడెక్కిన నీటిలో అది తక్కువగా కరుగుతుంది గనుక మన వేసవిలో జాగ్రత్త అవసరం. చార్లెస్ డార్విన్ బీగిల్ నౌకాయాత్రలో సేకరించిన నమూనాల ఆధారంగా 1842లో వర్ణితమైన మచ్చల కోరిడోరాస్ చల్లని నీటి జీవి. మన ఎండలకు తాళలేదు. స్టెర్బాయ్ జాతి కొంత వేడిని ఓర్చుకొంటుంది. 2024లో శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని పలు ప్రజాతులుగా విభజించినా అంగళ్లలో పాతపేరే చెల్లుతున్నది.

కోరిడోరాస్ దేహంపై పొలుసులకు బదులు అస్థిఫలకాలు, రెక్కల ముందు బిరుసైన ముళ్లు ఉంటాయి. బెదిరినపుడు ఆ ముళ్లు నిక్కబొడుచుకొని వలలో చిక్కుకొంటాయి. అందువల్ల దీనిని మరొక తొట్టెకు మార్చవలసి వచ్చినపుడు వలతో కాక, వెడల్పుమూతి గిన్నెతో నీటితోసహా ఎత్తడం మేలు.