పెట్టెకి ఊరి పేరుంది... చేసిన చేతికి పేరేదీ?

లండన్‌లో 'ఆధునిక బ్రిటిష్, ఐరిష్ కళ' పేరిట ఏటా బొమ్మల వేలాలు జరుగుతుంటాయి. వాటికీ మన విశాఖపట్నానికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది! అక్కడి వేలంశాలల కేటలాగుల్లో 'వైజాగపటం' అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఓడరేవు గురించీ కాదు, ఉక్కు గురించీ కాదు. మన ఊళ్లో తయారైన దంతపు పెట్టెల గురించి!

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖలో ఏనుగుదంతం పని గొప్పగా సాగేది. గంధపు చెక్క మీద పల్చటి దంతపు రేకులు అతికి, వాటి మీద లతలూ పూలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. దొరసానుల కుట్టుపెట్టెలు, టీపొడి పెట్టెలు, కుర్చీలు ఇలా తయారయ్యేవి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామాన్లు 1781లో క్రిస్టీస్ వారి వేలానికొచ్చాయి. మూడో జార్జి రాజు వాటిలోని దంతపు కుర్చీలు కొని రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. అవి విశాఖ పనే!

కొన్న రాజుగారి పేరు తెలుసు. ఎవరి సామానో తెలుసు. మరి చేసినవాళ్ల పేరు? ఎక్కడా లేదు.

ఆధునిక చిత్రాల సంగతి వేరు. వాటిమీద సంతకం ఉంటుంది. బ్రిటన్‌లో 2006 నుంచి, బొమ్మ వేలంలో మళ్లీ అమ్ముడైతే ధరలో కొంత వాటా చిత్రకారుడికి చేరాలి. అది 4 శాతంతో మొదలై, ధర పెరిగేకొద్దీ తగ్గుతుంది. 2012 నుంచి చనిపోయిన చిత్రకారుల వారసులకీ ఈ వాటా వస్తోంది. మన కాపీరైటు చట్టంలోనూ 1994 సవరణతో 53ఎ సెక్షను చేరింది. చిత్రమో శిల్పమో పదివేలు మించి మళ్లీ అమ్ముడైతే, 10 శాతానికి మించకుండా వాటా అడగొచ్చు. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

రెండొందల ఏళ్లనాటి పెట్టెకి ఇప్పుడు వాటా ఎవరూ అడగలేరు, నిజమే. దంతం వ్యాపారం కూడా మన దేశంలో 1986, 1991 సవరణలతో ఆగిపోయింది. బ్రిటన్‌లో 2022 నుంచి కొద్ది మినహాయింపులతో నిషేధం అమల్లో ఉంది. మంచిదే, ఏనుగు బతకాలి కదా!

కానీ లక్క పని బతికే ఉంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరును కాపాడుతుంది. ఏ బొమ్మ ఎవరు చేశారో మాత్రం చెప్పదు. ఆ సంగతి మనమే అడగాలి, రాయించుకోవాలి.

మీరో, మీ అమ్మాయో బొమ్మలు వేసి అమ్ముతున్నారా? సంతకం పెట్టండి, తేదీ వేయండి, ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. ఇంటి ముందు ముగ్గుకి సంతకం అక్కర్లేదు. అమ్మే బొమ్మకి మాత్రం కావాల్సిందే!